వేపచెక్క గడప

పుష్పలత గడపకు పసుపు రాసే తీరు చూస్తే ఆమెకు ప్రపంచంలో మరో పని లేదనిపిస్తుంది. గిన్నెలో పసుపు చిక్కగా కలుపుకుని, నాలుగు వేళ్లతో ఎడమ నుంచి కుడికి ఒక్క ఊపున లాగుతుంది. మళ్లీ వెనక్కి వచ్చి అంచుల్లోనూ గోడతో కలిసే మూలల్లోనూ ఖాళీ మిగలకుండా నింపుతుంది. ఆ తర్వాతే కుంకుమ బొట్లు.

హైమ తేమ కొలిచే పరికరం చేత్తో పట్టుకుని, ఆమె లేచేదాకా వాకిట్లోనే నిలబడింది.

"దాటి రండి మేడం, తొక్కమాకండి. ఇంకా పచ్చిగా ఉంది."

"నీ పని కానీ పుష్పా. నాకేం తొందర్లేదు."

"తొమ్మిదేళ్లలో ఏడిళ్లు మారాం మేడం. అన్నీ మేడ మీద గదులే. ఆ గుమ్మాలకి గడపలెక్కడియ్యి? నేనేమో ఊరుకోలేక బండ మీదే రాసేదాన్ని. ఒక ఇంటావిడైతే టైల్సుకి మరకలని గిన్నె లాక్కుని పారబోసింది." పుష్పలత నవ్వుతూ లేచి, చెయ్యి కడుక్కుంది. "ఇప్పుడు మంగళవారం రాస్తా, శుక్రవారం రాస్తా. అడిగేవాడు లేడు."

బెజవాడ బయట, కాలువ దాటాక వేసిన ఆ కాలనీలో ముప్పై ఆరు ఇళ్లున్నాయి. అన్నీ హైమ పనిచేసే లేబరేటరీలో పుట్టిన ఊపిరిగోడతో కట్టినవే. కట్టినవి అనడం కూడా సరికాదు, పెంచినవి. వరిగడ్డి, ఊక తడిపి అచ్చుల్లో కూరి, డాక్టర్ భానుమూర్తి పదకొండేళ్లు కష్టపడి తయారుచేసిన బూజును అందులో పోస్తారు. పదహారు రోజుల్లో అది గడ్డినంతా పట్టి బిగించి గోడగా నిలుస్తుంది. సిమెంటు అక్కర్లేదు, కాల్చే ఇటుక అక్కర్లేదు. బీట పడితే తనే పూడ్చుకుంటుంది. దానికి కావలసిందల్లా లోపల మనుషులుండటం. వాళ్ల ఊపిరిలో తేమ తాగి బతుకుతుంది. మూడు నెలలు తాళం వేసి వదిలేస్తే పిండిపిండిగా రాలిపోతుంది.

ఆ గోడ ఇంత చవగ్గా జనానికి అందడానికి అసలు కారణం కూడా అదే. ఇళ్లు కొని తాళాలు వేసుకుని ధర పెరిగేదాకా కూర్చునేవాళ్లు దాని జోలికి రాలేదు. ఉండేవాడికే ఇల్లు. ఈ ఎన్నికల్లో ముప్పై ఐదేళ్ల లోపు వాళ్లందరికీ ఇళ్లిస్తామంటున్న పార్టీ పోస్టర్ల మీద ఆ రెండు మాటలే పెద్దక్షరాల్లో ఉన్నాయి. ఊళ్లో దాన్ని ఇళ్ల పార్టీ అనేస్తున్నారు.

హైమ లోపలి గోడలు కొలిచింది. అన్నీ బాగున్నాయి. బయటకు వస్తూ అలవాటుగా గుమ్మం పక్కన గోడను బొటనవేలితో నొక్కింది. బతికున్న ఊపిరిగోడ ఎండిన కొబ్బరిచిప్పలా గట్టిగా ఉంటుంది. ఇక్కడ వేలు తడిసిన అటుకుల్లోకి దిగినట్టు దిగిపోయింది.

"ఏంటి మేడం?"

"ఏం లేదు" అంది హైమ. వేలు చీరకొంగుకు తుడుచుకుంది. కాస్త పైన నొక్కింది. అక్కడా దిగింది. మోకాలి ఎత్తు దాటాక గానీ గట్టిదనం తగల్లేదు.

ఆ పూట ఆమె మిగతా ఇళ్లన్నీ తిరిగింది. వరసగా అయిదిళ్లలో అదే తీరు. ఆరోది ఆరోగ్యమ్మ ఇల్లు. ఆ గుమ్మం దగ్గర గోడ రాయిలా ఉంది. మళ్లీ నాలుగిళ్లు మెత్తన. తర్వాత కరీమున్నీసా ఇల్లు గట్టిగా ఉంది. హైమ వాళ్ల వాకిట్లో ఆగిపోయి, కింద గడప వైపు చూసింది. అది బూడిదరంగుగా, ఉత్తిగా ఉంది. వెనక్కి తిరిగి, దాటివచ్చిన గడపల వరస చూసింది. ఎండలో పసుపుపచ్చగా మెరుస్తున్నాయి.

గడప విడిగా పెట్టింది కాదు. గోడతో కలిపి ఒకే అచ్చులో పోసింది. రెండూ ఒకే ప్రాణం.

గాయమైతే అమ్మ పసుపు అద్దేది. చీము పట్టకుండా పురుగు చస్తుందే అనేది. ఈ గోడలో ప్రాణమంతా బూజే.

*

లేబరేటరీకి వెళ్లి ఆరు ఊపిరిగోడ ముక్కల మీద పసుపు ముద్ద రాసిపెట్టి హాస్టలుకి వచ్చేసరికి సాయంత్రమైంది. ముగ్గురు ఆడపిల్లలుండే గది. మూడు మంచాలు, వాటి కింద మూడు పెట్టెలు. హైమకు పెళ్లయి రెండేళ్లయినా ఇక్కడే ఉంటోంది. మొగుడు ఉదయ్ తను పనిచేసే ప్రింటింగు ప్రెస్సు పక్కన మగవాళ్ల హాస్టల్లో ఉంటాడు. ఇద్దరి జీతాలూ కలిపినా ఊళ్లో ఒక వంటగది, ఒక పడకగది ఉన్న ఇంటికి అడ్వాన్సు తూగలేదు. కాలనీ రెండో విడత లాటరీలో వాళ్లకు నూట పద్దెనిమిదో నంబరు వచ్చింది. పోలింగు అయిన నెలకల్లా అచ్చులు నిలబెడతామన్నారు.

కిటికీ బయట ప్రచారం బండి పాట పెట్టుకుని పోతోంది. లిఖిత మంచం మీద గోళ్లరంగు వేసుకుంటోంది.

"ఒకడేమో ఇల్లిస్తానంటాడు, ఇంకొకడేమో అద్దె సగం కడతానంటాడు. మన ఉద్యోగాలు పర్మినెంటు చేస్తానని ఒక్కడూ అనడేంటే?"

"అంటే నువ్వు నమ్ముతావేంటి?" అంది తబస్సుం. ఆమె పెద్దాసుపత్రిలో నర్సు, అప్పుడే డ్యూటీ దిగింది. "నేను తేల్చేసుకున్నా. ఇళ్ల పార్టీకే."

"వాళ్లేగా కాలువ గట్టు మీద గుడిసెలు పీకించింది?"

"పీకించారు. తప్పే. మర్చిపోలా." తబస్సుం మేజోళ్లు విప్పుతూ ఆగింది. "పద్దెనిమిది ఇళ్లు చూశానే నేను. ఫోన్లో రమ్మంటారు. వెళ్లి పేరు చెప్పంగానే, అయ్యో ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చేశారమ్మా అంటారు. లాటరీ నా పేరు చూసి మొహం తిప్పుకోలేదు. నంబరు తీసింది, ఇచ్చింది. నాకు ముందొక తలుపుండాలి, దానికి లోపల్నుంచి వేసుకునే గడియుండాలి. ఆ తర్వాత వాళ్ల తప్పులు తీరిగ్గా పట్టుకుంటా."

"గడియ కోసం ఓటేసేదాన్ని నిన్నే చూశా."

"రెండువందల ఎకరాల లేఅవుట్ ఉన్న ఆ సగం అద్దెవాడికి ఓటేసేదాన్ని నిన్నే చూశా."

ఇద్దరూ నవ్వుకున్నారు. లిఖిత హైమ వైపు తిరిగింది. "ఏమే, ఇందాకట్నుంచీ మూగనోము పట్టావు? నీ చేత్తో పెంచిన గోడలేగా. గట్టియ్యేనా? ఆ ఒక్కమాట చెప్పు, నేనూ వాళ్లకే గుద్దేస్తా."

"తల నొప్పిగా ఉందే" అంది హైమ, గోడ వైపు తిరిగి పడుకుంటూ.

*

పొద్దున్నకి ఆరు ముక్కలూ చెయ్యి పెడితే విడిపోయాయి.

భానుమూర్తి వాటిని చాలాసేపు చూశాడు. ఆయనకు గోడలకు చెవి ఆనించే అలవాటుంది. గోడ ఊపిరి వినిపించదని ఆయనకూ తెలుసు, అయినా ఆనిస్తాడు. ఇప్పుడు ఒక ముక్క తీసి చెవి దగ్గర పెట్టుకోబోయి, మానేసి బల్ల మీద పెట్టాడు.

"మనం ఎన్ని పరీక్షలు చేశాం హైమా? సబ్బునీళ్లు, ఫినాయిలు, చింతపులుసు, పేడనీళ్లు. నలభై ఒకటి. పసుపు లేదా అందులో?"

"కూర ఒలికినంత చేశాం సార్. గడపకు ముద్దగా, వారానికి రెండుసార్లు అనుకోలేదు."

"మా ఇంట్లో గడపకి స్టిక్కరమ్మా. పసుపురంగుది, ముగ్గుతో సహా వస్తుంది. నాకు తట్టలేదు." ఆయన గొంతు తగ్గించాడు. "నీకెలా తట్టలేదు?"

ఆ ప్రశ్న ఆమె రాత్రి నుంచి వేసుకుంటూనే ఉంది. దివిసీమలో వాళ్లమ్మ పొద్దున్నే వంగి గడప తోమే చప్పుడుకే ఆమెకు మెలకువ వచ్చేది. కానీ ఆరేళ్లుగా ఆమె ఉన్న గదులకు గడపలు లేవు. లేనిదాన్ని ఒళ్లే మరచిపోయింది.

"ఈ శుక్రవారం, వచ్చే మంగళ, శుక్రవారాలు రాస్తే ద్వారబంధం పై దాకా పోతుంది సార్. పైకప్పు బరువు దాని మీదే ఉంది."

"పోలింగుకి ఇంకెన్నాళ్లుంది?"

"ఇవాళ్టికి పన్నెండు రోజులు."

భానుమూర్తి లేచి కిటికీ దగ్గరకు వెళ్లాడు. "ఏడిళ్లు గట్టిగా ఉన్నాయన్నావు. ఎవరివి అవి? చెప్పకు, నాకు తెలుసు. రేపు ఈ మాట బయటికి వెళ్తే ఎవరి నోట్లో ఎలా తిరుగుతుందో ఊహించు. మన గుమ్మాలే కూల్చే గోడ కనిపెట్టారంటారు. వాళ్ల గుమ్మాలు చూడండి అంటారు. పక్కపక్కన బతుకుతున్నవాళ్ల మధ్య పెడతారు చిచ్చు. అవతలి పార్టీ గెలిస్తే ఈ లేబరేటరీకి తాళం. మళ్లీ యాభైయేళ్ల దాకా ఎవడూ ఈ ఆలోచనే చెయ్యడు. నీ ఇల్లూ పోతుంది."

"తెలుసు సార్."

"పోలింగు అయిన సాయంత్రం నేనే చెబుతాను. ఈలోపు రిపేరని ఏదో చెప్పి గుమ్మాలకు కర్రలు పోటు పెట్టిద్దాం."

"పోటు పెట్టినా పసుపు రాస్తారు కదండీ."

హైమ విడిపోయిన ముక్కల్ని ఒక డబ్బాలోకి ఎత్తింది. పారెయ్యలేదు. పసుపు తగలని ముక్క ఒకటి కూడా అందులో వేసి సంచిలో పెట్టుకుంది.

*

బుధవారం సాయంత్రాలు కృష్ణానది ఒడ్డున మెట్ల మీద ఆమె, ఉదయ్ కలుసుకుంటారు. ఉదయ్ ఆమెకు మేనత్త కొడుకు. వేళ్లకు రెండు రంగుల సిరా అంటుకుని వచ్చాడు.

"ఒక మిషను మీద వాళ్లది, ఇంకో మిషను మీద వీళ్లది. ఇల్లు, సగం అద్దె, ఇల్లు, సగం అద్దె. చెవుల్లో అదే మోత. నాకు తేలిందొక్కటే, ఎవడు గెలిచినా మా ఓనరే గెలుస్తాడు."

"నువ్వెవరికేస్తావు బావా?"

"అడుగుతావేంటి? నూట పద్దెనిమిదికి." అతను ఫోను తీశాడు. "ఇది చూడు. ఇల్లు వచ్చాక చూపిద్దామనుకున్నా, ఆగలేకపోతున్నా."

ఫొటోలో పొడుగాటి చెక్క. రెండు చివర్లా చిన్న చిన్న పువ్వులు చెక్కి ఉన్నాయి.

"వేపచెక్క. మా ఊళ్లో వడ్రంగి సూరయ్య బాబాయి చేశాడు. హాస్టల్లో నా మంచం కింద ఉంది. తల పెట్టే వైపు రెండంగుళాలు బయటికొస్తే, గదిలోవాళ్లు రోజూ కాలికి కొట్టుకుని తిడుతున్నారు."

"గోడతోపాటే గడప ఉంటుంది కదా బావా దానికి. పోసేస్తారు."

"ఉండనీ. దాని మీద ఇది వేద్దాం. గడ్డి గడపేంటే? అత్తయ్య చూస్తే ఏమంటుంది?"

హైమ నవ్వబోయి, చెయ్యడ్డం పెట్టుకుని ఏడ్చింది. అంతా చెప్పింది. ఉదయ్ వింటున్నంతసేపూ వేళ్ల సిరా గోకుతూనే ఉన్నాడు.

"పన్నెండు రోజులు" అన్నాడు చివరికి. "రెండేళ్లు ఆగాం. ఇంకో పన్నెండు రోజులు ఆగలేవా?"

"మనం ఆగుతాం. గోడ ఆగదు."

"ఆ సార్ చెప్పినట్టు పోటు పెట్టించొచ్చుగా?"

"పుష్పలత కూతురు గుమ్మంలోనే కూర్చుని లెక్కలు చేసుకుంటుంది బావా. ఎప్పుడు చూసినా అక్కడే."

ఉదయ్ లేచి రెండు మెట్లు దిగి నీళ్ల దాకా వెళ్లాడు. తిరిగొచ్చి పక్కన కూర్చోలేదు.

"నన్నెందుకు అడిగావు ఎవరికేస్తావని? నేను వేసేది నేనేస్తాలే. నువ్వు చెప్పేది చెప్పుకో" అని బండి తీసుకుని వెళ్లిపోయాడు.

*

గురువారం పొద్దున హైమ కాలనీకి వెళ్లింది. పుష్పలత వాకిట్లో ఆడవాళ్లను పిలిచి డబ్బా మూత తీసింది. పసుపు రాయని ముక్కను పుష్పలత అత్త వీరరాఘవమ్మ చేతికిచ్చి విరవమంది. ఆమె వల్ల కాలేదు. రాసిన ముక్క ఇచ్చింది. అది పిండి వడియంలా నలిగింది.

"తప్పు నాదండీ" అంది హైమ. "మీదేం లేదు. నేను ముందే చూడాల్సింది."

పుష్పలత తన గుమ్మం దగ్గరకు వెళ్లి, గోడను వేలితో నొక్కి, వేలు తీసి చూసుకుంది.

"అంటే నా చేత్తో నేనే..." అని ఆగిపోయింది.

"పసుపు మానమంటావా అమ్మాయ్?" వీరరాఘవమ్మ లేచింది. "గడప లేని ఇళ్లల్లో ఈసురోమంటూ బతికి ఇప్పటికి ఒక గడప మొహం చూశాం. మానమని చెప్పడానికొచ్చావా? ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు పెద్దమ్మా. వద్దన్నారు కూడా."

"కరీమున్నీసా గుమ్మం బానే ఉందంటగా?" అంది వెనక నుంచి ఒకావిడ. ఆ మాటతో వాకిలంతా ఒక్కసారి బిగుసుకుంది.

కరీమున్నీసా అక్కడే ఉంది. "నాదీ పోయేదే" అంది తాపీగా. "మొన్న పుష్పక్క గిన్నెలో పసుపు మిగిలితే మా పిల్ల మా గడపకీ రాస్తానని ఏడ్చింది. నేనే వద్దన్నా, బట్టలు పాడవుతాయని."

ఎవరో కిసుక్కున నవ్వారు. వీరరాఘవమ్మ మాత్రం హైమ మీద నుంచి చూపు తిప్పలేదు. "మరేం చెయ్యమంటావ్?"

హైమ చెప్పాలనే వచ్చింది తప్ప తర్వాతేమిటో ఆలోచించుకోలేదు. అప్పుడు, మంచం కింద నుంచి రెండంగుళాలు బయటికొచ్చిన చెక్క గుర్తొచ్చింది.

"పసుపు మానక్కర్లేదండీ" అంది నెమ్మదిగా. "గడపే మారుద్దాం. దీన్ని కోసి తీసేసి, చెక్కదో రాతిదో విడిగా పెడదాం. గోడకు తగలకుండా మధ్యలో వేలెడు సందు వదులుదాం. అప్పుడు ఎంత రాసుకున్నా గోడకేం కాదు. కాకపోతే..." ఆమె డబ్బాకు మూత పెట్టేసింది. "ఎక్కువ మెత్తబడ్డవి మూడిళ్లున్నాయి. అవి నిలవవు."

ఆ మూడింట్లో ఒక ఇంటి ఇల్లాలు అక్కడే కూలబడింది. ఆమెకు ఏం చెప్పాలో హైమకు ఆ రోజూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు.

శుక్రవారం ఎండ ఎక్కకముందే కాలనీలోకి లేబరేటరీ జీపు వచ్చింది. భానుమూర్తి ఒక్కడే దిగాడు. రంపాలు దించుకున్నాడు, సున్నపు తేట డబ్బాలు దించుకున్నాడు. హైమ వైపు చూడలేదు.

"కోసే ముందు చుట్టూ తేట పట్టించాలి. ఊరికే కోస్తే కోసినచోటల్లా కుళ్లు పడుతుంది. ఆ మాత్రం తెలియకుండానే మొదలుపెట్టేశారా?" అని విసుక్కుంటూ మొదటి గడప దగ్గర గొంతుకూర్చున్నాడు.

సాయంత్రానికల్లా ఊరందరి ఫోన్లలో కథ రకరకాలుగా తిరిగింది. పసుపు నిషేధించారని ఒకటి, ఇళ్లన్నీ కూలాయని ఒకటి. రెండు పార్టీలవాళ్లూ కెమెరాలతో వచ్చారు. పుష్పలత చేతులు నడుముకు పెట్టుకుని అడ్డం నిలబడి, "రాయి గడపలు ఇరవై ఆరు కావాలి. ఎవరు తెస్తారు మీలో?" అని అడిగింది. ఒకరు విచారణ కమిటీ అన్నారు, ఇంకొకరు దోషుల్ని వదలమన్నారు. గడప మాట ఎవరూ ఎత్తలేదు. ఆదివారం రెండో విడత ఇళ్లు ఆపేసినట్టు ప్రకటన వచ్చింది. హైమను లేబరేటరీకి రావద్దన్నారు. తబస్సుం ఆ ప్రకటన రెండుసార్లు చదివి, హైమ మంచం మీద ఆమె పక్కనే కూర్చుంది. "ముందే నాకు చెప్పి ఉంటే నిన్ను ఆపేదాన్నే" అంది. "చెప్పకపోవడమే మంచిదైంది."

*

పోలింగు రోజు ఉదయ్ వస్తాడని హైమ అనుకోలేదు. బడి ముందు క్యూలో ఆమె వెనక వచ్చి నిలబడ్డాడు. చుట్టూ అందరూ వాళ్ల ఈడువాళ్లే. సగం మంది గొంతుల్లో ఆ ఇళ్ల కబుర్లే. ఇచ్చిన మాట తప్పినోడికి వెయ్యనంటాడొకడు. అసలు మాటే ఇవ్వనోడికి ఎందుకెయ్యాలంటుంది ఇంకొకతె.

లోపల అట్టపెట్టె వెనక హైమ చాలాసేపు నిలబడింది. కాలువ గట్టు గుడిసెలు, తబస్సుం గడియ, కూలబడిన ఆ ఇల్లాలు, భానుమూర్తి రంపం. ఏ గుర్తులోనూ అవన్నీ ఇమడలేదు. బయట పోలింగు ఆఫీసరు దగ్గాడు. ఆమె ఒకటి నొక్కింది.

గేటు దగ్గర ఉదయ్ బండి మీద చెక్క అడ్డంగా కట్టి ఉంది, రెండు వైపులా పాతచీర చుట్టి.

"ఎక్కు" అన్నాడు. "మధ్యలో నువ్వు పట్టుకోవాలి, లేకపోతే సైకిళ్లవాళ్ల మోకాళ్లు పగులుతాయి."

"ఎక్కడికి బావా?"

"పుష్పలతా వాళ్ల గుమ్మానికి కొలత సరిపోతుందో లేదో చూద్దాం. అందరూ రాళ్లు తెచ్చుకున్నారంట, వాళ్ల ఆయన ఆటో ఇంజను పోయి ఉన్న డబ్బంతా దానికే అయిందంట, వాళ్లకే లేదు."

ఆమె చెక్క పట్టుకుని కూర్చుంది. దారంతా దాని అంచు అరచేతికి గుచ్చుకుంటూనే ఉంది.

కొలత అంగుళం తక్కువైంది. ఉదయ్ సూరయ్య బాబాయిని తిట్టి, వెంటనే నాలుక కరుచుకుని, అది తగ్గడమే మంచిదన్నాడు. గోడకు తగలదు. పుష్పలత కూతురు కొత్త గడప మీద ఎక్కి గెంతి చూసింది. వీరరాఘవమ్మ లోపలికి వెళ్లి పసుపు గిన్నె తెచ్చింది. కోడలికి ఇవ్వలేదు. హైమ ముందు పెట్టింది.

"కానీ అమ్మాయ్. మీ ఇంటికి చేయించుకున్నదంటగా. మొదటి చెయ్యి నువ్వే వెయ్యి."

హైమ వంగింది. ఆరేళ్ల తర్వాత కూడా చెయ్యి మరచిపోలేదు. ఎడమ నుంచి కుడికి ఒక్క ఊపున సాగింది. వేపచెక్క పసుపును పీల్చుకుంటుంటే, పక్కన వేలెడు దూరంలో గోడ పొడిగా, గట్టిగా నిలబడి ఉంది.

ఇంకా వెలుతురుండగానే ఉదయ్ ఆమెను హాస్టలు దగ్గర దించాడు. ఎవరికేశావని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. "వచ్చే బుధవారం?" అన్నాడు. ఆమె తలూపింది.

మెట్లెక్కి గది ముందుకు వచ్చింది. ఎడమ వేలి మీద సిరా చుక్క, కుడి అరచేతి నిండా పసుపు. లోపల లిఖిత, తబస్సుం ఎవరు గెలుస్తారో పందెం కాసుకుంటూ అరుచుకుంటున్నారు. గుమ్మం కింద ఉన్నదల్లా ఒక బోసి టైలు, దాని మీద అరిగిపోయిన పట్టా.

హైమ కాలు కాస్త ఎత్తి, దాటి లోపలికి వేసింది.